పూజలో పెట్టిన పానా

ఎవురు చెప్పినార్రా నీకు, మీ తాత పూజలో పెట్టిన పానా ముట్టినాడని? మీ అవ్వ చెప్పిందా? ఆమె గాక ఇంకెవురు చెప్తారులే. కూసో మునికృష్ణా, యాడికి పోతావు, అడిగినంక ఇనల్ల గదా. మీ తాత మునివెంకటప్ప నాకు సొంత అన్న. ఆ మాట ఇంటే ఇప్పటికీ నా కడుపు మండతాది. ఆయన మీద కాదప్పా, ఆ లారీ ఓనరు గంగాధరం మీద.

యుద్ధం అయిపోయినాక మిలిటరీ వాళ్లు లారీలు ఏలం ఏస్తే గంగాధరం ఒకటి తెచ్చినాడు, డీజిలు లారీ. అప్పట్లో చిత్తూరులో శానా మటుకు పెట్రోలు బండ్లే. మండీలో బెల్లం మూటలు ఎత్తుకోని బెంగుళూరికి తోలేది మా అన్న. రిపేరీ గూడా ఆయనే. మొగిలి కనుమ తెలుసు గదా? ఇప్పుడు మీరు బస్సులో నిద్రపోయి ఆ పక్క లేస్తారు. అప్పుడు ఆ ఎగువ ఎక్కాలంటే... సరే, అది వేరే కథ. ఆ లారీకి డీజిలు పంపు ఎనకాల గవర్నరని ఒగ డబ్బా ఉంటాది, దాంట్లో స్ప్రింగులు. ఇంజను మితిమీరి తిరగబోతే డీజిలు తగ్గించి పట్టుకునేది అదే. స్ప్రింగు బిగిస్తే ఆ పట్టు పోతాది, డీజిలు పోస్తానే ఉంటాది. బండి ఎగువలో జోరుగా ఎక్కతాది, నిజమే. గేరు మార్చేటప్పుడు బరువు తప్పి ఒక్కసారి గుయ్యిమని లేసిందా, లోపల రాడ్డు ఇరిగి బయటికొస్తాది. దాన్ని బిగించమని గంగాధరం పోరుతావుంటే, వద్దని ఎన్ని తూర్లు చెప్పినాడో మా అన్న! ఇనే రకమా వాడు? "ఏమప్పా, పెట్రోలు బండ్లోళ్లు నన్ను దాటుకోని పోయి ఎనక్కి తిరిగి నగతావుండారు, నా లారీకేమి రోగమా?" అట్లే, ముక్కుతో మాట్లాడేది. పట్టు పంచె, మాటకి ముందర గోవిందా. దొంగ నాకొడుకు.

ఆయుధ పూజకి ముందర అన్న, వదినని పిలుచుకోని తిరుచానూరికి మొక్కు తీర్చను పోయినాడు. ఈయన లేంది సూసి వాడే ఆ డబ్బా ఇప్పి స్ప్రింగులు బిగించినాడు. అన్న చేస్తావుంటే పక్కన నిలబడి సూసినాడంట, అంతే, వచ్చేసిండాది పని! రెండు పక్కలా సమంగా ఉండల్లని గూడా తెలీదు వాడికి.

పూజనాడు అన్న వచ్చేలకి బండికి కుంకమ, చక్రాల కింద నిమ్మకాయలు, గుమ్మడికాయ కొట్టేది, అన్నీ అయిపోయినాయి. పానాలు, సుత్తి కడిగి పీట మీద పెట్టి బొట్లు పెట్టేసినారు. పూజలో పెట్టినవి మర్నాడు దశమి దాకా ముట్టరు గదా మన పక్క. అన్న బండి స్టార్టు చేసి, ఆ కూత ఇని దిగేసినాడు. "సామీ, దీన్ని ఎవురో ఇప్పినారు. ఆ చిన్న పానా ఇయ్యి, సరిజేస్తా." వాడు లెంపలేసుకున్నాడు. "అపచారం! పూజలో ఉండేదాన్ని ముడతావా? కండ్లు పోతాయి!" "అయితే రేపు తోల్తా." "పండగ సరుకప్పా. నువ్వు ఎక్కకుంటే పో, ఎల్లప్ప తోల్తాడు." ఎల్లప్ప క్లీనరు. కొత్తగా పెండ్లయినోడు, కనుమలో స్టీరింగు పట్టినోడే కాదు. సూడు న్యాయం! పానా ముడితే తప్పంట, లారీ తోల్తే తప్పు లేదంట. లారీకి పెట్టలేదా బొట్టు? థూ! అన్న ఏం జేస్తాడు, ఎల్లప్పని పక్కన కూసోబెట్టుకోని తానే ఎక్కినాడు.

కనుమలో మలుపుకాడ గేరు మార్చినాడు, అంతే. రాడ్డు ఇంజను పగలదీసుకోని బయటికొచ్చింది. లోడు బండి ఎనక్కి జారతావుంటే బ్రేకు పట్టలే. "దూకు ఎల్లప్పా" అని వాణ్ని బయటికి తోసి, లోయలోకి పోనీకుండా కొండ పక్కకి తిప్పినాడు. బండి కొండకి తగిలి ఆయన పక్కకే పడింది. ఎల్లప్పకి కాలిరిగింది, పుత్తూరు కట్టుతో లేసి నడిచినాడు. ఇదంతా నాకు చెప్పింది ఆయప్పే. మా అన్నకి కట్టే కట్టు యాడుండాది?

సావుకాడికి వచ్చి ఏమన్నాడో తెలుసా గంగాధరం? "నేను వద్దంటానే ఉండా, పూజలో పానా ముట్టినాడు. అమ్మవారు ఊరుకుంటుందా?" ఊరంతా తలకాయలు ఊపింది! ముట్టలేదురా. ముట్టింటే బతికిండును. నేను అరిస్తే నన్నే పట్టుకోని అవతలికి ఈడ్చినారు.

మీ అవ్వ దేవకమ్మకి చెప్పినా. ఎల్లప్పని పిలుచుకొచ్చి చెప్పించినా. చెవులు మూసుకునేది. "వద్దు మరిదీ, తప్పు ఆయనదే" అనేది. ఎంత కోపమొచ్చేదో నాకు, సొంత మొగుణ్ణి దోషిని చేస్తాదే అని. అన్న పోయిన కొన్నాళ్లకే ఆమె గంగాధరం ఇంట్లో వంటకి చేరింది. మీ నాయన అప్పుడు చంకలో బిడ్డ. వేరే దోవ యాడుండాది? నేను చెప్పింది నమ్మితే, పొద్దున లేసి వాడికి అన్నం ఎట్లా వడ్డిస్తాదిరా?

...

సరేలే. ఎండ ఎక్కింది, ఆ గొడుగు ఇట్లా ఇయ్యి.