లిమిట్‌ను కూడబెట్టిన ఫోర్‌మన్

అధ్యక్షస్థానంలో కూర్చుని అప్పుడే గడియారం వంక చూస్తున్న మా ప్రెస్సు యజమానిగారికి, ముందు వరుసలోని పెద్దలకు, వెనక వరుసలో టిఫిన్ ఎప్పుడు పెడతారని గుసగుసలాడుకుంటున్న మిత్రులకు, ఈరోజు పదవీ విరమణ చేస్తున్న మా ఫోర్‌మన్ అన్నయ్యకు, ఆయన పక్కన కూర్చున్న వదినకు నమస్కారం.

నేను ఈ ప్రెస్సులో లెక్కలు రాసేవాణ్ణి. బడిలో నేర్చుకున్నది తక్కువ, పాత బిల్లుల వెనక గీసి గీసి నేర్చుకున్నది ఎక్కువ. నా నోట్లోంచి మాట రావాలంటే ఎవరో ఒకరు ఓచరు పోగొట్టుకోవాలి. (నవ్వులు) ఇంతకుముందు మాట్లాడినవారు అన్నయ్యను నిప్పులాంటి మనిషి అన్నారు, క్రమశిక్షణకు మారుపేరు అన్నారు. అలాంటప్పుడు ఇన్నేళ్ళుగా సిరా చేతులు నా కుర్చీకి తుడుస్తున్నది ఎవరో కూడా ఈ సభలోనే తేలిపోతే బాగుంటుంది. (నవ్వులు)

మెషీన్ చప్పుడు వింటే చాలు, ఏ రోలరు అరిగిందో అన్నయ్య చెప్పేస్తారు. అది నిజం. కానీ డెబిట్ కార్డు చప్పుడు చెయ్యదు కదా, అక్కడే వచ్చింది చిక్కు.

కిందటేడు పెద్ద మెషీన్ రోలరు పగిలింది. కొత్తది కొనాలి. ప్రెస్సు కార్డు అన్నయ్య దగ్గర ఉండేది. ఆ కార్డుతో ఒక రోజులో ఇంతవరకే కొనాలని పరిమితి ఉంటుంది. రోలరు ఖరీదు దానికి నాలుగింతలు. అన్నయ్య కాసేపు ఆలోచించి ఆజ్ఞ జారీ చేశారు.

"నాలుగు రోజులు ఎవరూ కార్డు ముట్టుకోవద్దు. మనం వాడుకోని సెలవులు జమ అవడం లేదూ? లిమిట్ కూడా అంతే. పోగవనివ్వండి, ఒక్క దెబ్బకు రోలరు పట్టుకొస్తా."

అందరం తలూపాం. సిరా అరువు తెచ్చుకున్నాం. బైండరు దారం తన డబ్బుతో కొన్నాడు. యజమానిగారు టీ డబ్బులు స్వయంగా ఇచ్చిన చారిత్రక ఘట్టం కూడా ఆ రోజుల్లోనే జరిగింది. (పెద్దగా నవ్వులు. యజమానిగారు కూడా.) తీరా అన్నయ్య కొట్టుకు వెళ్ళి కార్డు పెడితే, చెల్లలేదు.

"ఖాతాలో డబ్బుల్లేవేమో సార్," అన్నాడట కొట్టు యజమాని.

"బోలెడున్నాయి. పైగా నాలుగు రోజుల లిమిట్ దాచాను. మీ మిషనే పాడైంది. స్క్రూడ్రైవరుంటే ఇవ్వండి, చూస్తాను."

"దాచారా? ఎక్కడ సార్, బీరువాలోనా?"

ఆ మధ్యాహ్నం ఇద్దరం బ్యాంకుకు వెళ్ళాం. కౌంటరులో ఉన్న అమ్మాయి పాపం నవ్వు ఆపుకుని చెప్పింది. "ఏ రోజు లిమిట్ ఆ రోజుకేనండీ, మర్నాటికి మళ్ళీ మొదటినుంచి. ఖాతాలో ఎంతున్నా ఇంతే. ఏటీఎంలో తీసేదానికి ఒకటి, కొట్లో కొనేదానికి ఒకటి, ఆన్‌లైన్‌కు ఇంకోటి. పెద్ద ఖర్చు ఉన్నరోజు ఫోన్‌లో పెంచుకోండి, బ్యాంకు ఒప్పుకునేంతవరకు. పని అవగానే తగ్గించెయ్యండి."

"మరి వాడుకోనిదంతా రోజూ వృథాయేనా తల్లీ?"

"వృథా ఏముందండీ? కార్డు ఇంకొకళ్ళ చేతిలో పడినా, ఒక్కరోజులో ఖాతా ఊడ్చుకుపోకుండా అది అడ్డం ఉంటుంది."

యజమానిగారు లిమిట్ పెంచారు, రోలరు వచ్చింది. రోలరు ప్రెస్సు గుమ్మం దాటకముందే ఆయన లిమిట్ మళ్ళీ తగ్గించేశారు. (నవ్వులు)

ఇంతవరకు నవ్వుకోవడానికి. ఇక అసలు సంగతి. అన్నయ్యకు రావలసిన సొమ్ము పోయిన వారం ఖాతాలో పడింది. అందులో వదిన పళ్ళున్నాయి. నవ్వకండి. ఆవిడ ఎన్నాళ్ళుగానో ఒకవైపే నమిలి తింటోంది. డబ్బు రాగానే మొదటి పని ఆవిడకు పళ్ళు కట్టించడమేనని అన్నయ్య భోజనం దగ్గర నాతో ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు. మొన్న ఏమైందని అడిగాను.

"నా కార్డు అల్లుడి దగ్గరుందోయ్. మాటిమాటికీ అడ్డం పడుతోందని లిమిట్ పైదాకా పెంచేశాడు. టీవీ తెచ్చాడు, సోఫా తెచ్చాడు."

"పళ్ళ డాక్టరో?"

"చూద్దాంలే."

మెషీన్ మీద, మా అందరి మీద గొంతు చించుకునే మనిషి, ఇంట్లో ఒక్క మాట అనలేక 'చూద్దాంలే' అన్నారు.

అల్లుడుగారూ, లేవకండి, టిఫిన్ ఇంకా మిగిలే ఉంది. (నవ్వులు) మీరు చెడ్డవారని నేననను. మావయ్య సుఖంగా కూర్చుని చూడాలనే కొని ఉంటారు. కానీ ఎంత పెద్ద టీవీ పెట్టినా ఆయనకు అచ్చుకాగితంలో చూసినట్టు బొమ్మలో రంగు పక్కకు జరిగిందా లేదా అన్నదే కనిపిస్తుంది. అన్నయ్యా, ఫోను చొక్కా జేబులోనే ఉంది. తియ్యండి. లిమిట్ ఫోన్‌లోనే మార్చుకోవచ్చని బ్యాంకు అమ్మాయి చెప్పింది కదా, అక్కడికే వెళ్ళండి.

(అల్లుడుగారు లేచి వేదిక దగ్గరకు వస్తున్నారు.)

"కార్డు ఇదిగో మావయ్యా. మీరు అడిగుంటే అప్పుడే ఇచ్చేవాణ్ణి."

"అడగడమే రాలేదురా నాకు. ఏమోయ్ లెక్కలూ, ఎంత పెట్టమంటావు?"

నన్నడక్కండి. పక్కన వదిన ఉంది.

"డాక్టరుకు కట్టేంత పెట్టండి. కట్టి బయటికి రాగానే తగ్గించేద్దాం," అంటోంది వదిన. ఇంత తేలిగ్గా చెప్పడం నాకే రాలేదు. (చప్పట్లు)

నొక్కుతున్నారు. యజమానిగారూ, అలా తొంగిచూడకండి, అది ప్రెస్సు ఖాతా కాదు. (నవ్వులు) అయిపోయిందా? మంచిది. ఎంతో నాకు చెప్పక్కర్లేదు.

రోజూ పొద్దున మెషీన్ వేసేముందు ఈయన నా గదిలోకి తల పెట్టి "ఉన్నావా?" అనేవారు. "ఉన్నాను," అనేవాణ్ణి. కొన్ని రోజులు మా మధ్య నడిచిన సంభాషణ మొత్తం అంతే. అది నాకు సరిపోయేది. రేపు ఆ వేళకు గుమ్మంలో ఎవరూ ఉండరు. నాకు తోచదు, ఆ మాట దాచను. కానీ అదే వేళకు మీరిద్దరూ డాక్టరు గది బయట బల్లమీద కూర్చుని ఉంటారు. అందుకని ఫర్వాలేదు.

ఇంతసేపు ఓపిక పట్టిన పెద్దలకు, టిఫిన్ చల్లారుతున్నా కదలని మిత్రులకు, కోపం తెచ్చుకోని అల్లుడుగారికి కృతజ్ఞతలు. అన్నయ్యా, వదినా, వెళ్ళిరండి. నాకు సెలవు.