చేటలో రెండాకులు

పెదపాడు అవతల, చేపల చెరువు గట్టు పక్కన ఇల్లు. పొద్దు వాలుతోంది. అత్తగారు పెద్దింటమ్మ అరుగు మీద కూర్చుని చేటలో ఆకు దూస్తోంది. కోడలు తేజశ్రీ పురిటి తర్వాత పసిపిల్లతో పుట్టింటి నుంచి వచ్చి వారం దాటింది. ఆ ఆకు సంగతి తేలేదాకా పొయ్యి వెలిగించేది లేదని, పిల్లని భుజాన వేసుకుని గుమ్మంలోనే నిలబడింది.

"ఇదేం ఆకని అడుగుతుంటే చెప్పరేంటండీ అత్తయ్యగారూ?"

"చెప్పాగా. అవిసాకు. పప్పులో వేస్తాను. బాలింతవి, పాలు పడతాయి."

"అవిసంటే ఇది కాదండీ. ఫోన్లో చూశాను. మోకాలెత్తు మొక్క, నీలం పూలు. మీరు కోసింది చెట్టు."

"నీలం పూలా! నీ ఫోను చూపించింది అవిసె గింజల మొక్కమ్మా. వేయించి పొడి కొట్టుకుంటారే, అది. పేరొకటే. ఇది చెట్టు అవిసె. తెల్లటి పువ్వు, కొడవలిలా వంగి ఉంటుంది."

"పేరొకటే అయితే పొరపాటు మీకూ రావచ్చు కదండీ?"

"నాకా? గట్టు మీద ఆ చెట్లు నాటిందే నేను."

"అయితే ఈ పప్పు మీరూ తింటారా?"

"తింటాను. ఎందుకు తినను? కళ్ళకి మంచిదంట."

"ఇందాక పాలకన్నారు."

"రెంటికీనమ్మా. ఆకన్నాక ఒక్క పనే చేస్తుందా?"

"ఎవరి కళ్ళకండీ?"

"ఎవరి కళ్ళకైనా! ఏంటీ ఆరాలు, పోలీసోళ్ళలాగ? వెళ్ళి పప్పు కడుగు."

"ఆరా తియ్యక ఏం చెయ్యమంటారు? వచ్చిన దగ్గర్నుంచీ నా పిల్లని ఒక్కసారి ఎత్తుకున్నారా? ఒళ్ళో పెట్టబోతే చేతులు చేపల వాసనంటారు. నడుం నొప్పంటారు. లేచి అవతలికి పోతారు. ఇవాళ ఉన్నట్టుండి నా పాల మీద ప్రేమ పుట్టుకొచ్చింది."

"చేపల వాసనే కదమ్మా మరి. పసిగుడ్డు..."

"గంగాభవాని పిన్ని వచ్చీ రాగానే నుదురు మీ అబ్బాయిదే అంది. పాలు పోసే ఆవిడ కూడా ఏదో పోలిక చెప్పింది. మీరొక్కరే నోరు విప్పలేదు. ఆడపిల్లనా? లేకపోతే ఇంకేదన్నా అనుమానమా మీకు?"

"ఛ, ఛ! అమ్మవారి తోడు, అలాంటి మాటలనకు. అనుమానం నాకెందుకు, నీకే గానీ."

"నాకే. ఉండండి, దుయ్యకండి. ఈ రెబ్బ ఏంటి?"

"అవిసె."

"ఇదీ?"

"అదీ అవిసే."

"ఇది గిరిపుష్పమండీ! ఆకు వెడల్పు చూడండి, కొస చూడండి. మా పెంటపాడులో దమ్ము చేసేటప్పుడు మా నాన్న దీన్నే పచ్చిరొట్టకి తొక్కిస్తారు. చేలోకి ఎరువు, అంతే. ఎవరూ నోట పెట్టరు. ఎలకల మందులో కలుపుతారు దీన్ని!"

"ఏదీ... ఇలా ఇవ్వు."

"నలిపి వాసన చూడండి."

"అమ్మో. వెగటు వాసన. ఇదెక్కడిదమ్మా మన గట్టు మీద?"

"ఎక్కడిదేంటండీ? నిరుడు కంచెకని మీ అబ్బాయి నాటలేదా? మీరు పక్కనే ఉన్నారుగా! అవిసె చెట్టు నిండా తెల్లటి పూలు వేలాడుతున్నాయి. పక్కదానికి ఒక్కటీ లేదు. అంత తేడా కనిపిస్తుంటే రెండూ కలిపి కోశారంటే నేనేమనుకోవాలి?"

"కొమ్మ చేతికందింది, కోశాను. తెలిసి కోస్తానా తల్లీ?"

"తెలియకెలా కోస్తారు? చేటలో రెండూ పక్కపక్కనే ఉన్నాయి, చూడండి!"

"చీకట్లో ఏం చూడమంటావు? ముందా లైటెయ్యి."

"చీకటేంటండీ? ఎండ మీ మొహం మీదే ఉంది."

"అదేలే, ఎండ కళ్ళల్లో పడుతోంది."

"అత్తయ్యగారూ? ఇటు చూడండి. నా చేతిలో ఏముంది?"

"నీ గొంతు ఎటుందో తెలుస్తోంది. చేతిలో ఏముందో తెలీదు."

"ఎప్పట్నుంచండీ?"

"ముందు మసకగా ఉండేది. నువ్వు పురిటికెళ్ళాక బాగా ముదిరింది. అవిసాకు తింటే తగ్గుద్దన్నారు. నాకొక్కదానికే వండుకుంటే అడుగుతారని నీ పేరు చెప్పాను."

"మీ అబ్బాయికి చెప్పొచ్చు కదండీ! ఏలూరు కంటాసుపత్రికి తీసుకెళ్ళేవారు."

"చెబితే పిల్లని నా దగ్గర వదులుతారా? వదలకపోవడమే మంచిదిలే. మొన్న ఈ గడపే తగిలి పడ్డాను. నా చేతుల్లో అది ఉండుంటే..."

"చేట ఇలా ఇచ్చెయ్యండి. ఆ ఆకంతా పారబోస్తాను. మీరు గోడకి ఆనుకోండి. కాళ్ళు చాపండి. ఊఁ, పిల్లని పట్టుకోండి."

"వద్దమ్మా, వద్దు..."

"నేనిక్కడే ఉన్నానండీ. పట్టుకోండి."

"మెడ కింద నీ చెయ్యి తియ్యకే. అబ్బ, ఎంత మెత్తగా ఉందో... తేజా, చెప్పమ్మా, ఇది ఎవరి పోలికే?"