నూకరాజు గుండె వేగం

"ఏటి పెద్దిరాజు బావా, రేపు ఆస్పత్రికి ఎల్లవా? షిప్‌యార్డులో అంతెత్తున ఎక్కి వెల్డింగు చేసినోడివి, ఛాతీలో నొప్పి పెట్టుకుని ఓ స్కానింగు గొట్టానికి జడుస్తావా? గుండెలో రక్తం ఎలా పారతందో ఫొటో తీసే కొత్త పద్ధతి అది. ముందుగా ఎవరి మీద పరీక్షించారనుకున్నావు? నా మీదే! గట్టి గుండె కావాలని మన పుంగ్గోలు పేటంతా గాలించి నన్ను పట్టుకెళ్లారు."

సింగపూర్‌లో వాళ్లుండే బ్లాకు కింద రాతిబల్ల దగ్గర నూకరాజు ఇలా మొదలెట్టాడు. పక్కన అతని భార్య అప్పలమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"అందులో ఊపిరాడదట బావా," అన్నాడు పెద్దిరాజు.

"ఊపిరా? బిగబట్టమన్నారు, బిగబట్టేను. డాక్టరమ్మ మకాన్‌కని, అదే తిండికని, కిందకెళ్లి, చికెన్ రైస్ లైన్లో నిలబడి, తినేసి, కాఫీ తాగొచ్చింది. నేనింకా బిగబట్టే ఉన్నాను! వదలమని చెప్పడం మర్చిపోయిందట పాపం. చెప్పకుండా వదిలితే మర్యాదేనా?"

"అమ్మో!"

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? తెర మీద నా రక్తం వరదొచ్చిన నాగావళిలాగ సుళ్లు తిరిగిపోతంది. ఆ వేగం కొలవలేక మిషను పొగలు కక్కింది. ఇంకోటి లారీ మీద తెప్పించారు. అదీ చతికిలబడింది. డాక్టర్లంతా చేతులు జోడించి, 'నూకరాజు గారూ, అవతల టాంపినీస్ పేట దాకా కరెంటు పోతంది, మీ గుండెని కాస్త ఆగమనండి' అన్నారు. ఆగమన్నాను. గుండె ఆగింది! ఫొటో తీసుకున్నాక, 'ఇంక కానీ' అన్నాను. మళ్లీ మొదలెట్టింది!"

"గుండె ఆగితే రక్తం ఎలా పారింది బావా?"

"అలవాటు మీద పారింది! ఇకమీదట లోకంలో ఎవరి గుండె కొలిచినా నా గుండె పక్కన పెట్టే కొలుస్తారు."

పెద్దిరాజు ముఖం ఇంకా పాలిపోయింది. "నీది అలాంటి గుండె బావా. నాది కాదు. నేనెల్లను."

అప్పలమ్మకి ఒళ్లు మండింది. చిక్కుడుకాయలు పక్కన పెట్టేసింది.

"ఈయన మాట వినకన్నయ్యా. భయమేస్తే నొక్కమని చేతికో రబ్బరు బంతి ఇస్తారు. తల లోపలికెళ్లకముందే ఈయన రెండు చేతులా నొక్కేశారు. ఈయన అరిచిన అరుపుకి బయట కుర్చీలోంచి నేను లేచి నిలబడ్డాను."

పక్క బల్ల వాళ్లు కూడా పగలబడి నవ్వారు. పెద్దిరాజు మాత్రం నవ్వలేదు.

"నొక్కితే ఏం చేశారు చెల్లెమ్మా?"

"టక్కున బయటికి లాగేశారు. మంచినీళ్లిచ్చి, పర్లేదన్నారు. కాసేపాగి ఈయనే మళ్లీ ఎల్లి పడుకున్నారు. ఫొటోలన్నీ తీయించుకునే వచ్చారు."

"నొక్కగానే లాగేశారా?"

"నొక్కగానే."

పెద్దిరాజు తన ముందు చల్లారిపోయిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. "అయితే రేపెల్తాను."

నూకరాజు ఛాతీ మళ్లీ ఉబ్బింది. "చూశారా! నా గుండె చూసి వీడికి ధైర్యం వచ్చింది!"

"గుండె కాదు బావా," అన్నాడు పెద్దిరాజు లేస్తూ, "నీ అరుపు."