నిటారు గోపురం

1861 వేసవి. స్పెయిన్‌లో టెరుయెల్ దగ్గర ఒక ఊరు. చర్చి గంటగోపురం ఎదుట ఫొటోగ్రాఫర్ గాస్పార్ గారు, గంటలు కొట్టే బ్రౌలియో.

“అమ్మో! గాస్పార్ గారూ, మీ పెట్టెలో గోపురం తలకిందులైపోయింది!”

“అద్దంలో అలాగే కనపడుతుంది బ్రౌలియో. ముందు నల్లగుడ్డలోంచి తల తియ్యి.”

“తలకిందులైనా ఒరిగే ఉందండీ.”

“ఒరిగిన గోపురం ఒరిగే కనపడుతుంది మరి!”

“ఈ బొమ్మ పట్నంలో ఇంజనీరు గారికి పోతుందటగా? ఒరిగిందని తెలిస్తే కూల్చేయమంటారటగా?”

“నాకేం తెలుసు? ఉన్నది ఉన్నట్టు తియ్యమన్నారు, తీస్తున్నా.”

“ఐదువందల ఏళ్ల గోపురమండీ! ముస్లిం మేస్త్రీలు పేర్చిన ఇటుకలు, మన గంటలు. ఆ పచ్చ పలకలు చూడండి, నిన్న అతికించినట్టు లేవూ? వాళ్లూ మనమూ కొట్టుకు చచ్చినా అది చెక్కుచెదరలేదు. ఇప్పుడొక కాగితంముక్క చూసి…”

“ఏడుస్తున్నావా?”

“ఎండండీ. కళ్లల్లో ఎండ.”

“…సరే. ఆ రాయి ఇటు తే. పెట్టె నిలబెట్టిన ముక్కాలిపీటకి ఎడంకాలి కింద పెట్టు. ఇంకాస్త. ఆఁ, ఇప్పుడు చూడు.”

“అబ్బో! తలకిందులుగానే నిటారుగా నిలబడిందండీ! కానీ పక్కన మా ఇల్లు ఒరిగి…”

“ఇళ్లనెవరు చూస్తారయ్యా! జరుగు, మందు పూసిన గాజుపలక ఆరిపోతే బొమ్మ పడదు.”

“నేనూ బొమ్మలో పడతానండీ. మా గుమ్మంలో నిలబడతా.”

“నిలబడు, తప్పుతుందా! పన్నెండు లెక్కపెట్టేదాకా కదలకు. ఒకటి, రెండు…”

“ముక్కు మీద ఈగండీ.”

“మాట్లాడకు! మూడు…”

“ఊఁ.”

“‘ఊఁ’ కూడా మాటే! నాలుగు…”

మూడు వారాల తర్వాత, గాస్పార్ గారి గదిలో.

“గాస్పార్ గారూ! ఇంజనీరు గారి ఉత్తరం వచ్చింది. ఫాదర్ గారు చదివి వినిపించారు.”

“గోపురం సంగతి?”

“దాని జోలికి పోవద్దన్నారు. ఇంత నిటారైన గోపురం జిల్లాలోనే లేదట.”

“ఇంకేం! మరి ఆ మొహం ఏమిటి?”

“ఇంకా ఉందండీ ఉత్తరం.”

“ఏముంది? నాన్చకుండా చెప్పు.”

“‘పక్కనున్న ఇల్లు పడిపోయేలా ఉంది, తక్షణం కూల్చండి. ముందు గుమ్మంలో ఒరిగిపోయి నిలబడ్డ ఆ తాగుబోతుని బయటికి లాగండి’ అని రాశారండీ.”