సాకెట్‌లో కుంకుమ

“మదర్‌బోర్డు నువ్వు తప్పు తీసుకోలేదు తృప్తీ. కొత్త ప్రాసెసర్‌కు సాకెట్ బరోబరే, ర్యామ్ బరోబరే. బయోస్ గూడ నేనే కొత్తది ఎక్కిచ్చి ఇచ్చిన.”

“తెలుసన్నా. పాత బోర్డు మీద ఈ ప్రాసెసర్ కూసోదని తెలిసినంక ఎన్ని బోర్డులు చూసి దీన్ని ఏరుకున్ననో నాకు తెల్వదా?”

“మరి సాకెట్ల ఈ ఎర్రగున్నదేంది?”

“…కుంకుమ.”

“కుంకుమా?”

“కింద పసుపు గూడ ఉంది.”

సోలాపూర్ అశోక్ చౌక్‌లో అనికేత్ కంప్యూటర్ దుకాణం అది. తృప్తి తండ్రి సిద్ధరాములు రోడ్డుకు అవతల బండి దగ్గర చాయ్ తాగుతున్నాడు. ఆ చాయ్ అయ్యేలోపు తృప్తికి ఒక అబద్ధం కావాలి. అబద్ధమాడటం తమ ఇంట్లో ఎవరికీ చేతకాదని ఆమె నమ్మకం.

“ఎవలు పెట్టిండ్రు?”

“ఇంకెవలు పెడ్తరు? మా బాపు. నేసే సాంచె మీదికి కొత్త జకార్డ్ మిషన్ ఎక్కియ్యాలంటే ముందుగాల దానికి పసుపు కుంకుమ పెడ్తం గదా. మీ ఇంట్ల పెట్టరా?”

“పెడ్తం. సాంచెకు పెడ్తం.”

“ఆయనకు ఇది గూడ సాంచెనే. మనం నేసే చద్దర్ల మీది పువ్వు డిజైన్ దీంట్లకెళ్లే పుడ్తది గదా అంటడు. నేను నీళ్లకు పోయొచ్చేసరికి మూత తీసి, తడి పసుపు వేలితోటి అద్దిండు. దండం గూడ పెట్టిండు. ఏం గాదు బాపూ అని నేను తుడిచిన. ప్రాసెసర్ పెట్టిన. షురూ కాలే.”

“ఎట్లయితది? పిన్నులు చూడు, సన్నటి తీగలు, అన్ని వంగి ఒకదాని మీద ఒకటి పడ్డయి. అద్దినందుకు సగం పోయినయి, తుడిచినందుకు సగం. ఇగ ఇది పనికిరాదు. కంపెనీ గూడ వాపసు తీసుకోదు.”

“వాపసు అడుగుతలేను. ఇదే బోర్డు ఇంకోటుందా?”

“ఉంది.”

“అది వేరే డబ్బాల పెట్టి ఇయ్యి. సోమవారం డిజైన్ ఇయ్యకుంటే కార్ఖానా పని వేరేటోళ్లకు పోతది. అది తర్వాత. ముందుగాల మా బాపుకు ఒక మాట చెప్పాలె నువ్వు.”

“ఏం మాట?”

“బోర్డే తప్పని చెప్పు. ప్రాసెసర్‌కు కలువలేదని.”

“పెద్దమనిషితోటి అబద్ధం—”

“అన్నా, అమ్మ పోయినప్పటి నుంచి ఇంట్ల ఏది పాడైనా తన చెయ్యి వల్లనే అంటడు. పోగు తెగితే నా చెయ్యి. పాలు విరిగితే నా చెయ్యి. నా చెయ్యి పడ్డది ఏదీ బతుకదంటడు. ఇన్ని దినాలకు మొన్న ఒక పని సంబురంగ చేసిండు. అది గూడ గిట్లయిందని తెలిస్తే గోరుసుట్టు మీద రోకటి పోటైతది.”

“అనుమానం రాలేదా ఆయనకు?”

“వచ్చింది. మా ఊరు కుంభారి నుంచి బస్సుల వస్తుంటే తొవ్వంత తన చెయ్యే చూసుకుంటుండె.”

“మీ అమ్మకు ఏమైండె తృప్తీ? నేనప్పుడు పూణెల ఉంటి.”

“కిడ్నీలు పోయినయి. నాది ఒకటి ఇస్తనన్న. పరీక్షలు గూడ చేసిండ్రు. కలువలేదు.”

“అయ్యో.”

“అమ్మ కడుపున పుట్టి అమ్మకే కలువని నేనేం బిడ్డనని ఎంత ఏడ్సిననో. ఇప్పుడు గూడ ఒక్కోసారి… ఊకో, బాపు వస్తుండు. చెప్తవా?”

“చెప్త.”

సిద్ధరాములు లోపలికి వచ్చాడు.

“రా కాకా, కూసో.”

“కూసుంట గని, ఏమన్నవు అనికేత్? ఖరాబైందా? నా చేతితోనేనా?”

“నీ చేతికేం సంబంధం కాకా? బోర్డే తప్పు. ఈ ప్రాసెసర్‌కు వేరే సాకెట్ గావాలె. కలువలేదు.”

“కలువలేదా?”

“కలువలేదు. నేనే చూసియ్యాల్సింది.”

“మరి నేను పెట్టిన కుంకుమ?”

“దాంతోటి ఏం గాలే.”

“ఇన్నవా బాపూ? నీ చెయ్యి గాదు.”

“ఇన్న బిడ్డా. మంచిగ చెప్పిండు.”

“మంచిగ చెప్పుడేంది? ఉన్నదే చెప్పిండు.”

“అవు, అవు. కలువలేదంటే మంచిదే. ఎవ్వలి మీద పడదు. ఇస్తనన్నోళ్లు గూడ నాలుగు దినాలు ఏడ్సి ఊకుంటరు. పట్టువట్టరు.”

“ఎవలు ఏడుస్తరు?”

“ఏం లే. ఆ కొత్త బోర్డేదో తియ్యుమను. బస్సు పోతది.”

“బస్సు ఇంకోటి వస్తది. ఎవలు పట్టువట్టరు బాపూ?”

“ఊరికె అన్న బిడ్డా. ముసలి నోరు.”

“బోర్డు గురించి ఇస్త అని ఎవలంటరు? ఎవలు ఏడ్సిండ్రు?”

“అనికేత్, జర తొందర జెయ్యి నాయినా.”

“అన్నా, నువ్వాగు. బాపూ, ఆనాడు దవాఖానల నన్ను బయట కూసోవెట్టి నువ్వూ అమ్మా లోపలికి పోయిండ్రు.”

“పోయినం.”

“బయటికొచ్చి నాకేం చెప్పినవు?”

“ఏం చెప్పిన? …కలువలేదని చెప్పిన.”

“డాక్టర్ గూడ అదే అన్నడా?”

“ఇప్పుడెందుకు బిడ్డా అదంత? నువ్వు మంచిగున్నవు, చాలు.”

“బాపూ, నా మొఖం చూసి చెప్పు. డాక్టర్ ఏమన్నడు?”

“బరోబర్ కలిసిందనే అన్నడు బిడ్డా. నిన్ను కొయ్యనియ్యనని మీ అమ్మనే మొండికేసింది.”