గడప దాటినాంక ఇరవై ఒత్తులు

ఏం పాపా నందినీ, అంత లావు డాక్టరు పుస్తకం యాడ మోస్తావ్? అంబు ఒత్తేది రాసినారా దాంట్లో? అదే, మూతికి మాస్కు పెట్టి ఒత్తితే లోపలికి గాలి పొయ్యే రబ్బరు బుడ్డ. రాసింటార్లే. యాడ ఆపల్లో రాసినారా, తాతకు సెప్పు. రాయరు. అది నాలాంటి వార్డుబాయిలు నేర్పిచ్చే సదువు. ముప్పై ఏండ్లు ఎంతమంది హౌస్ సర్జన్లకు నేర్పిచ్చినానో! బయట సచ్చినోన్ని ఇంట్లేకి రానీరు గదా మన పక్క. అందుకని పేషెంటు పోయినాడని వార్డు పెద్ద డాక్టరు, మా పెద్దసారు, కండ్లతో సైగ జేసినాంక గూడా, ఇంటోళ్లకు "కొసప్రాణం ఉండాది, తీస్కపోండి" అంటాంటిమి. ఒక హౌస్ సర్జను ఆంబులెన్సు బండెక్కి ఇంటిదాకా ఒత్తల్ల. గడప దాటినాంక ఇరవై ఒత్తులు, ఆపల్ల, తల వంచల్ల. అంతే.

తిప్పేష్ సారని ఒక హౌస్ సర్జను ఉండె. రాయదుర్గం పిల్లోడు, వాళ్లమ్మ జీన్సు ప్యాంట్లు కుట్టి సదివిచ్చింది. కొత్తల్లో పేషెంట్లను పేరుపెట్టి పిలుస్తాండె. "ఏమయ్యా, నీకు సుట్టమా? పద్నాలుగో మంచం అను" అని పెద్దసారు అందరి ముందర నవ్వినాడు. ఆ దినం నుంచి మంచాల నంబర్లే. తెలివైనోడు, తొందరగా నేర్సుకున్యాడు.

రెండువేల రెండు, సెనక్కాయంతా ఎండిపోయిన సంవత్సరం. కంబదూరు తట్టు రైతు, తిప్పయ్యని, సేన్లో పాము కరిస్తే మా ఆస్పత్రికి తెచ్చినారు. పెద్దసారు కండ్లలో టార్చి కొట్టి సూసి, నాకు సైగ జేసినాడు. ఏమంటివి? వెంటిలేటరా? యాడుండె తల్లీ ఆ దినాల్లో. నేనూ తిప్పేష్ సారూ బండెక్కినాం. మిట్టమధ్యాన్నం, రోడ్డుమీద పురుగు లేదు. తిప్పయ్య పెండ్లాం చౌడమ్మ మొగుని సెయ్యి పట్టుకోని మాట్లాడతానే ఉండె. "కళ్యాణదుర్గం దాటినాం, ఇంగెంతసేపు" అంటాది. ఏడవదు. ఉన్నట్టుండి నవ్వింది. "సారూ, నా వేలు ఒత్తినాడు!" ఆ మాట ఎన్నిసార్లు యినింటానో, తల తిప్పుకున్యా. తిప్పేష్ సారు మాత్రం మెడ పట్టి సూసినాడు. నా తట్టు తిరిగినాడు. "ఆదెన్నా, నాడి ఉండాది. పాముకాటోళ్లు సచ్చినట్లే కనపడతారు, ఒత్తుతానే ఉండల్ల. బండి తిప్పమను." "పెద్దసారు సెప్పినాంక మీరు కాదంటారా సార్? రేపు మీ డాక్టరు కాగితాల మింద సంతకం పెట్టేది ఆయనే గదా" అన్యా. బండి పోతానే ఉండె, ఆయప్ప ఒత్తుతానే ఉండె.

గడప దాటినాం. ఇరవై అయినాయి. ఆపడే! యాభై అయినాయి. వాకిట్లో జనం సూస్తాండారు. నేనే అంబు గుంజుకున్యా. గుంజుకునే ముందు నా వేళ్లు గూడా తిప్పయ్య మెడమీద్నే ఉన్యాయి పాపా. నాడి కొట్టుకుంటాండె. పెద్దసారు లేదన్యాడు, వార్డుబాయిని, ఉండాదని నేనెట్ల సెప్తా? తిప్పేష్ సారు తల వంచినాడు, నేను నేర్పిచ్చినట్లే.

డాక్టరు కాలేదు ఆయప్ప. ఊర్లు తిరుగుతా, టీ అంగట్లో, బస్సులో, కనపడినోళ్ల సెయ్యి పట్టుకుంటాండె. కండ్లు మూసుకోని, కాసేపుండి, "ఉండాది" అని యిడుస్తాండె. జనం నవ్వుతాండ్రి. సచ్చిపోయి పదేండ్లయితాది. ఆ ముందు సంవత్సరం కళ్యాణదుర్గం బస్టాండులో కూసోనుంటే నా పక్కన కూసున్యాడు. గుర్తుపట్టినాడో లేదో. నా సెయ్యి పట్టుకున్యాడు. శానాసేపు. వేళ్లు మార్చి మార్చి సూసినాడు. మెల్లగా నా సెయ్యి నా ఒళ్లోనే పెట్టినాడు. "లేదన్నా" అన్యాడు.

...నందినీ, ఆ ఫ్యాను ఆపుపో. సలి పెడతాండాది.