ఎడమచేతి వీధి

"అందరూ ఎడమచేతి వాళ్లేమిటయ్యా?" అని అచ్చుకొట్టు యజమాని అడిగిందే తడవు, బావగారు అరుగు మీద కాలు మీద కాలేసుకున్నాడు.

గోడకి ఆనించిన నలుపు తెలుపు బొమ్మలో నగరపు వీధి ఒకటి కిక్కిరిసి ఉంది. గుర్రబ్బండ్లు, చేపల గంపలు, గుంపులో చెప్పు పోగొట్టుకుని వెతుక్కుంటున్న ముసలాయన. ఆ బొమ్మని అచ్చు తీసిన రాగి రేకు యజమాని ఒళ్లో ఉంది. మళ్లీ అచ్చు వేసేలోగా దాని అడుగున చెక్కినవాళ్ల పేరు పడాలి. చెక్కింది గడప పక్కన నిలబడ్డ మరదలు. కొట్టుదాకా మోసుకొచ్చింది ఆమె మొగుడి అన్నగారు, ఈ బావగారే. మోసిన పుణ్యానికి చెక్కింది కూడా తనే అయి కూర్చున్నాడు. ఆమె పళ్లు నూరుకుంటోంది.

"ఆ వీధి వాటమే అంత! మంగలి కత్తి ఎడమ, కమ్మరి సుత్తి ఎడమ. కుడిచేత్తో ముక్కు గోక్కుంటే ఊళ్లోంచి గెంటేస్తారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కుడిచేత్తో చెక్కుతున్నానని నన్నే పట్టుకున్నారు! వెంటనే ఉలి ఎడమచేతికి మార్చాను. ఆ వేగానికి రేకు ఎర్రగా కాలిపోతే, చేపలమ్మే ఆవిడ దానిమీదే చేపలు వేయించేసుకుంది."

"మరి నూనె ఎక్కడిది, అన్నా?" అన్నాడు కాగితాలు కోసేవాడు.

"నా చెమట చాలలేదూ! ఇక బొమ్మ ఎంత బాగా కుదిరిందంటే, ఏది వీధో ఏది రేకో తెలీక జనం రేకులోకి నడిచొచ్చేశారు. సాయంత్రానికి వీధి ఖాళీ! రేకు లాగడానికి రెండెడ్లు కట్టాల్సొచ్చింది. ఏదీ, ఉలి ఇటివ్వండి, పేరు వేసేస్తాను."

చాచిన ఆ చేతికి అందకుండా మరదలు ఉలి లాక్కుంది.

"బావగారూ, అది నా పుట్టింటి కిటికీ కింది వీధి. అక్కడందరిదీ కుడిచెయ్యే! కాగితం మీద బొమ్మ కుడి ఎడమై తిరగబడుతుందని మరిచిపోయి, కంటికి కనబడినట్టే చెక్కేశాను. నా మొదటి రేకు అది. నా కష్టం మింగారు సరే, నా పొరపాటు కూడా మీకే కావాలా?"

యజమాని రేకుని వెలుతురుకి తిప్పాడు. మంగలి, కమ్మరి, అందరూ శుభ్రంగా కుడిచేతి వాళ్లే.

"రేకులోకి నడిచొచ్చాక వాటం మారిందేమో, కదన్నా?" అన్నాడు కాగితాలు కోసేవాడు. అరుగంతా ఘొల్లుమంది. బావగారు చెప్పుల కోసం వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

"ఈసారైనా తిప్పి చెక్కు తల్లీ," అంటూ యజమాని రేకు అందించాడు.

ఆమె నవ్వలేదు. కుడి నుంచి ఎడమకి, అక్షరం అక్షరం తిప్పి, బావగారి వీపు మీద చెక్కుతున్నంత కసిగా తన పేరు చెక్కింది.